ప్లగ్ వైర్లు: చెన్నై వానకు, ఉప్పుగాలికి ఏ సెట్ నిలుస్తుంది?

డిసెంబరు వానలో ఎగ్మూరు దగ్గర గెంగురెడ్డి సబ్‌వే దాటి పైకి ఎక్కుతుండగా మా మారుతి 800 కుంటడం మొదలుపెట్టింది. దానికి ఉన్నవే మూడు సిలిండర్లు. ఒకటి పని మానేస్తే బండి మొత్తం ఊగిపోతుంది. గేర్ లివరు చేతిలో దడదడలాడింది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా రెండో గేరులోంచి కదలనంది. మర్నాడు ఎండ కాసేసరికి ఏమీ జరగనట్టే నడిచింది. మళ్లీ చినుకు పడగానే అదే వరస. ఒక గ్యారేజీలో, సిలిండర్లలో నిప్పు రాజేసే ప్లగ్గులు మార్చారు. నాలుగు రోజులకు మిస్సింగ్, అంటే సిలిండరు వెలగకుండా తప్పిపోవడం, మళ్లీ వచ్చింది. కార్బ్యురేటర్ విప్పి కడిగారు. చివరికి ప్లగ్గులకు కావాల్సిన ఎక్కువ వోల్టేజీ పుట్టించే కాయిల్ పోయింది, మార్చాలన్నారు.

కాయిల్‌కు డబ్బు కట్టే ముందు ఒక పని చేశాను. రాత్రి పెరంబూరులో మా ఇంటి ముందు, వీధి దీపం పడని చోట బండి నిలిపి, బానెట్ ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఇస్త్రీ బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద పల్చగా తుంపర కొట్టాను. రెండో సిలిండరుకు వెళ్లే వైరు క్లిప్పులో కూర్చునే చోట గోరంత నీలం నిప్పు టిక్కు టిక్కుమంటూ ఇంజను మీదికి దూకుతోంది. ముక్కుకు ఘాటైన ఓజోన్ వాసన తగిలింది. పొద్దున్నే చూస్తే ఆ చోట వెంట్రుకంత పగులు, దాని చుట్టూ బూడిదరంగు మరక. కాయిల్ నిక్షేపంలా ఉంది. ప్లగ్గుకు చేరాల్సిన కరెంటు దారిలోనే కారిపోతోంది, అంతే.

అప్పటినుంచి మా చుట్టాల్లో ఎవరి బండికి ప్లగ్ వైర్లు కావాలన్నా నేనే వెంట వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ చూసేది ఒకటే: కొనేవాళ్లంతా లోపలి తీగ గురించి అడుగుతారు. కాపరా, కార్బనా, రేసింగ్ రకమా అని. చెన్నై లాంటి ఊళ్లో మామూలు కారుకు డబ్బు పెట్టాల్సింది లోపలి తీగకు కాదు. పైతొడుగుకు, రెండు చివర్లలోని రబ్బరు క్యాపులకు పెట్టాలి.

ముందు మీ బండికి అసలు ఈ వైర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఇప్పుడొచ్చే పెట్రోలు కార్లలో ఎక్కువ భాగానికి ప్రతి ప్లగ్గు నెత్తిన ఒక కాయిల్ నేరుగా కూర్చుంటుంది. వాటికి ప్లగ్ వైర్లే ఉండవు. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గే ఉండదు. వైర్లు ఉండేవి రెండు రకాల బండ్లకు. మొదటిది డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటును వంతులవారీగా ప్లగ్గులకు పంచేది) ఉన్న పాతకాలం బండి: కార్బ్యురేటర్ మారుతి 800, ఓమ్ని, అంబాసిడర్, మద్రాసు శివార్లలోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటివి. వీటికి ప్లగ్గుకొకటి చొప్పున వైర్లు, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌కు ఇంకొకటి. 800కైతే మొత్తం నాలుగు. రెండోది, డిస్ట్రిబ్యూటర్ తీసేసి కాయిల్ ప్యాక్ పెట్టిన బండి. 1998లో ఇరుంగాట్టుకోట్టై ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన శాంట్రో, 1999లో మరైమలైనగర్ నుంచి వచ్చిన ఫోర్డ్ ఐకాన్ ఈ తెగకు చెందినవి.

కాయిల్ ప్యాక్ బండ్లలో ఒక మెలిక ఉంది. ఒకటో, నాలుగో సిలిండర్లు ఒక జంట. రెండు, మూడు ఇంకో జంట. ఒక్కో జంటకు ఒకే కాయిల్, రెండు ప్లగ్గుల గుండా ఒకే కరెంటు వరసగా పోతుంది. అందుకే ఒక్క వైరు తెగినా రెండు సిలిండర్లు నీరసపడొచ్చు. మెకానిక్ ‘రెండు సిలిండర్లు పోయాయి, ఇంజను విప్పాలి’ అంటే, విప్పనిచ్చే ముందు వైర్లు చూడమనండి.

వైరు చేసే పనేమిటి?

కాయిల్ నుంచి ప్లగ్గుకు వెళ్లే వోల్టేజీ పదివేలు, ఇరవై వేలు, బండి బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతుంటే అంతకు మించి. కానీ కరెంటు మాత్రం మిల్లీ ఆంపియర్లలోనే. ఈ రెండు మాటలు పట్టుకుంటే దుకాణంలో వినే సగం మాటల బరువు మీకే తెలిసిపోతుంది. ప్లగ్గు మొనల మధ్య నిప్పు పుట్టేదాకా వైరులో దాదాపు కరెంటు పారదు. పారని కరెంటుకు వైరు నిరోధం అడ్డే కాదు. అందుకని వైరులో ఐదువేల ఓములున్నా పదివేల ఓములున్నా నిప్పు పుట్టడానికి కావాల్సిన వోల్టేజీ ప్లగ్గుకు చేరుతుంది. నిప్పు పుట్టాక పారే కొద్ది కరెంటులో కొంత శక్తి వైరులో వేడిగా పోతుంది, నిజమే. ఆ లెక్క వేసుకునే కంపెనీ వాళ్లు కాయిల్‌ను తయారుచేస్తారు. బాగున్న ఒరిజినల్ వైరు తీసేసి తక్కువ నిరోధం ఉన్నది పెడితే పికప్ పెరుగుతుందనే మాటకు అందుకే నేను విలువివ్వను. పాడైన వైరు తీసి కొత్తది పెడితే పికప్ తిరిగొస్తుంది. అది కొత్త వైరు చలవ. కాపరైనా కార్బనైనా అదే జరిగేది.

అదే పైతొడుగు సంగతి చూడండి. ఇరవై వేల వోల్టులకు ఎప్పుడూ దగ్గరి దారే కావాలి. తొడుగులో చిన్న పగులు, దాని మీద తడి, ఆ తడిలో కాస్త ఉప్పు, పక్కనే ఇంజను ఇనుము. ఇంతకంటే సులువైన దారి ఇంకేముంటుంది? బెసంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉండేవాళ్లకు గేటు గొళ్లాలు ఎలా తుప్పుపడతాయో తెలుసు. ఆ గాలే బానెట్ కిందికీ పోతుంది.

లోపలి తీగలు

కార్బన్ రకంలో గాజు నారనో, కెవ్లార్ లాంటి గట్టి నారనో కార్బన్‌తో తడిపి తీగగా వాడతారు. నిరోధం మీటరుకు సుమారు పది నుంచి ఇరవై కిలో ఓముల మధ్య ఉంటుంది. ధర తక్కువ, రేడియో గోలను బాగా అణుస్తుంది. లోపం ఏమిటంటే ఏళ్లు గడిచేకొద్దీ వేడికి, వంపులకు కార్బన్ చెదిరి నిరోధం పెరుగుతుంది. వైరు పట్టుకుని లాగి పీకితే లోపల నార తెగిపోతుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు.

చుట్టలు చుట్టిన రకంలో నడుమ ఒక నార, దానిమీద అయస్కాంత గుణమున్న పొర, ఆ పైన వెంట్రుక లాంటి స్టీలు లేదా నికెల్ మిశ్రమ తీగ స్ప్రింగులా చుట్టి ఉంటుంది. నిరోధం కార్బన్ రకం కంటే బాగా తక్కువ. అయినా ఆ చుట్టల వల్లే రేడియో గోల అణగుతుంది. లోహం కాబట్టి ఎక్కువ కాలం నిలుస్తుంది. ధర ఎక్కువ.

మూడోది గట్టి కాపర్ తీగ. జీపీ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్లినప్పుడు కౌంటర్లో కుర్రాడు ఎర్రగా మెరిసే సెట్ ఒకటి తీసి, ‘ఇది పెట్టండి సార్, లోపల ఫుల్ కాపర్, పికప్ అదిరిపోతాది’ అన్నాడు. నెల్లూరు యాస. వెనక స్టూలు మీద కూర్చున్న పెద్దాయన తలెత్తి, ‘బండిలో పాటలు వింటావా నాయనా?’ అని అడిగాడు. ‘వింటానండీ’ అన్నాను. ‘అయితే అది నీకొద్దు’ అని మళ్లీ బిల్లుల్లో తల దూర్చాడు.

ఆ ఒక్క ప్రశ్నలో విషయమంతా ఉంది. నిరోధం లేని కాపర్ వైరు ప్రతి నిప్పుకూ ఒక చిన్న రేడియో స్టేషన్ అవుతుంది. రేడియోలో ఇంజను వేగంతోపాటు హెచ్చుతగ్గులయ్యే టకటక వినబడుతుంది. అది చెవికి చికాకు మాత్రమే. ఎంపీఎఫ్ఐ బండిలో, అంటే కార్బ్యురేటర్ బదులు కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే బండిలో, అంతటితో ఆగదు. ఇంజను కంప్యూటరు సెన్సార్ల నుంచి చిన్నచిన్న సంకేతాలు అందుకుంటూ ఉంటుంది. ఈ గోల వాటిలో కలిస్తే బండి కారణం లేకుండా మిస్ అవుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, ఏ గ్యారేజీకి వెళ్లినా జాడ దొరకదు. ఎంపీఎఫ్ఐ బండికి ఉత్త కాపర్ వైరు పెట్టకండి. ఈ ఒక్క మాటలో నాకు ఏ మినహాయింపూ లేదు.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. కొన్ని యూరప్ బండ్లకు కంపెనీయే కాపర్ తీగ ఇస్తుంది. అయితే చివరి క్యాపుల్లో రెసిస్టర్ పెడుతుంది, ఒకటో ఐదో కిలో ఓములు. ఆ ఏర్పాటు మంచిదే. పాయింట్లతో (కాయిల్ కరెంటును తెరిచి మూసే పాతరకం స్విచ్చుతో) నడిచే హెరాల్డ్, అంబాసిడర్ వాళ్లకు కూడా రెసిస్టర్ క్యాపులతో కాపర్ వైరు చక్కగా పనిచేస్తుంది, ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ప్లగ్గులో రెసిస్టర్ ఉందో లేదో దాని నంబరే చెబుతుంది. ఎన్‌జీకే వాటిలో బీపీ6ఈఎస్‌కు రెసిస్టర్ లేదు, బీపీఆర్6ఈఎస్‌కు ఉంది. బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ అంటే ఆ ‘ఆర్’ రెసిస్టర్ గుర్తే. మీ బండి పుస్తకంలో ఆర్ ఉన్న ప్లగ్గు రాసి ఉంటే, మంచి వైరు పెట్టాం కదా అని ఆర్ లేనిది పెట్టకండి.

తొడుగు దగ్గర కక్కుర్తి పడొద్దు

చవక సెట్లకు పీవీసీ తొడుగు ఉంటుంది. వేలితో నొక్కితే ప్లాస్టిక్‌లా గట్టిగా, జారుడుగా తగులుతుంది. చెన్నై మే నెల కత్తిరి ఎండల్లో, సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ బండి బానెట్ కింద, ఎగ్జాస్ట్ పక్కన దానికి ఆయుష్షు ఉండదు. ముందు మెత్తబడుతుంది, తర్వాత బిగుసుకుపోతుంది, వానాకాలానికి పగులుతుంది. కంపెనీ వైర్లలో తరచూ కనబడే ఈపీడీఎం రబ్బరు దీనికంటే ఎంతో మేలు, సుమారు 130 డిగ్రీల వేడి తట్టుకుంటుంది. సిలికాన్ 200 డిగ్రీల దాకా నిలుస్తుంది, నీటిని పట్టనివ్వదు, ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది.

సిలికాన్‌కూ ఒక బలహీనత ఉంది. అది చీరుకుపోవడం తేలిక. పదునైన బ్రాకెట్ అంచుకు రాసుకుంటే రోజుల్లో గాటు పడుతుంది. అందుకే మంచి తయారీదారులు లోపల ఈపీడీఎం, పైన సిలికాన్ వేసి రెండు పొరలుగా చేస్తారు. దొరికితే అదే తీసుకోండి. మీ వీధిలో ఎలుకల బెడద ఉంటే ఏ తొడుగూ కాపాడదు, వారానికోసారి బానెట్ ఎత్తి చూసుకోవాల్సిందే.

మందం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మామూలు వైరు 7 మిల్లీమీటర్లు, కొన్ని జపాన్ బండ్లకు 5 కూడా ఉంటుంది, 8 కూడా మామూలే. పెరిగే మందం ఎక్కువగా తొడుగుదే, తీగది కాదు. కాబట్టి 7 నుంచి 8కి వెళ్తే నష్టం లేదు. అంతకు మించి లావైనవి కంపెనీ క్లిప్పుల్లో కూర్చోవు, బయట వేలాడి ఎగ్జాస్ట్ మీద వాలతాయి. రంగుకు పనితో సంబంధం లేదు.

పైన లోహపు జాలి అల్లి, దాన్ని బాడీకి ఎర్త్ చేసే వైర్లు కూడా ఆన్‌లైన్లో కనబడతాయి. తొడుగును ఆనుకునే ఎర్త్ తెచ్చి పెట్టడమంటే కరెంటు కారిపోవడానికి దారి దగ్గర చేయడమే. మన వానల్లో నేనైతే వాటి జోలికి పోను.

పొడవు, క్యాపు

ఎంత మంచి వైరైనా కొలత తప్పితే వృథా. అందుకే ‘యూనివర్సల్’ సెట్ కొని కత్తిరించుకునే పని పెట్టుకోవద్దు. చివర క్రింపింగ్ (లోహపు ముక్కను వైరుకు నొక్కి బిగించడం) సరిగ్గా పడకపోతే లోపలి తీగకు, లోహపు ముక్కకు మధ్య సందు మిగులుతుంది. రోజూ ఆ సందులో నిప్పు రాలి కార్బన్ కాలిపోతుంది. మీ మోడల్, సంవత్సరం, కార్బ్యురేటరా ఎంపీఎఫ్ఐనా అన్నది చెప్పి దానికి చేసిన సెట్టే అడగండి. 800 అంటే సరిపోదు, రెండు రకాల ఇంజన్లున్నాయి. వీలైతే పాత సెట్ విప్పుకుని తీసుకెళ్లి, కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి పొడవు, క్యాపు వంపు, లోపలి క్లిప్పు పోల్చండి. క్యాపు మెత్తగా ఉండాలి, నోటి దగ్గర పెదవి లాంటి అంచు ఉండాలి. ఆ అంచే నీటిని ఆపేది.

ప్లగ్గు నెత్తిన చిన్న నట్టు కూడా చూసుకోండి. కార్లలో సాధారణంగా అది ఉండాలి, బిగిసి ఉండాలి. కొందరు మరిచిపోయి నట్టు లేకుండానే క్యాపు తొడిగేస్తారు. పైకి కూర్చున్నట్టే ఉంటుంది, లోపల వదులుగా ఊగుతూ కాలుతుంది.

దుకాణంలో

మౌంట్ రోడ్డు నుంచి జీపీ రోడ్డులోకి తిరిగితే వరసగా స్పేర్ పార్టుల దుకాణాలే. పుదుప్పేటలో పాత బండ్ల సామాను దొరుకుతుంది. అద్దాలు, డోర్ హ్యాండిళ్లకు నేనూ పుదుప్పేటకే వెళ్తాను. ప్లగ్ వైర్లు మాత్రం అక్కడ పాతవి కొనకండి. వైరు వయసు పైకి కనబడదు.

కొత్తదాంట్లో మూడు మెట్లున్నాయి. కారు కంపెనీ పెట్టెలో వచ్చేది, బాష్, ఎన్‌జీకే లాంటి పేరున్న విడిభాగాల కంపెనీది, పేరు చెప్పుకోలేని లోకల్ సరుకు. మొదటి రెండింటి మధ్య నాణ్యతలో నాకు పెద్ద తేడా కనబడలేదు. మీ మోడల్‌కు సరిగ్గా ఏది దొరికితే అది తీసుకోండి. లోకల్ సరుకు వద్దు. పేరున్న పెట్టెల్లోనూ నకిలీలు వస్తాయి కాబట్టి వైరు మీద అచ్చు చూడండి. అసలు వాటి మీద పేరు, రకం వైరు పొడవునా మళ్లీ మళ్లీ శుభ్రంగా అచ్చువేసి ఉంటాయి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే పక్క దుకాణానికి నడవండి.

చిన్న మల్టీమీటర్ ఒకటి జేబులో ఉంటే ఇంకా మంచిది. 200 కిలో ఓముల స్కేలు మీద పెట్టి రెండు చివర్లు తాకించాలి. కార్బన్ సెట్ అయితే పొడవుకు తగ్గట్టు రీడింగ్ రావాలి. మీటరుకు 16 కిలో ఓముల వైరు అనుకుంటే 40 సెంటీమీటర్ల ముక్కకు ఆరున్నర దగ్గర, 25 సెంటీమీటర్లకు నాలుగు దగ్గర చూపించాలి. పొట్టి వైరు పొడుగుదానికంటే ఎక్కువ చూపిస్తే ఆ సెట్ పక్కన పెట్టండి. రెసిస్టర్ క్యాపులున్న కాపర్ రకంలో మాత్రం పొడవు ఎంతైనా క్యాపు విలువే చూపిస్తుంది. రీడింగ్ చూస్తూ వైరును మెల్లగా అటూ ఇటూ వంచండి. అంకె ఎగిరి పడితే లోపల తెగి ఉన్నట్టు. ఇంట్లో ఉన్న పాత వైర్లకు కూడా ఇదే పరీక్ష. కానీ పగులును మల్టీమీటర్ పట్టలేదు. నా 800 వైరు మీటరు మీద చక్కగానే చూపించింది. పగులుకు చీకటి, నీటి తుంపర తప్ప దారి లేదు. ఆ పరీక్ష చేసేటప్పుడు వైర్లను చేత్తో తాకకండి, చున్నీ, వదులు చొక్కా ఫ్యాన్ దగ్గరికి పోనివ్వకండి.

నన్ను అడిగితే ఏ బండికి ఏది? కార్బ్యురేటర్ 800కు, ఓమ్నికి సిలికాన్ పైపొర ఉన్న కార్బన్ సెట్ చాలు, దానితో పాటే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని లోపల తిరిగే రోటర్ కూడా చూసుకోండి, వాటిలో పచ్చని చిలుము పేరుకుని ఉంటుంది. శాంట్రో, ఐకాన్‌లకు కంపెనీ చెప్పిన నిరోధం ఉన్న సెట్, కార్బనైనా చుట్టలదైనా. గ్యాసు కిట్ ఉన్న బండికి నా సలహా వేరు. మా బావ శాంట్రోకు ఎల్పీజీ ఉంది. గ్యాసు మిశ్రమంలో నిప్పు దూకడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. తొడుగులో ఏ కాస్త లోపమున్నా ముందు గ్యాసు మీదే బయటపడుతుంది. పెట్రోలు మీద బాగా నడిచి గ్యాసుకు మార్చగానే కుంటితే మొదట అనుమానించాల్సింది ప్లగ్గులు, వైర్లే. ఇలాంటి బండికి చుట్టల రకం, రెండు పొరల తొడుగు ఉన్నదానికి ఎక్కువ ధర పెట్టడం న్యాయమే. బావకు అదే కొనిపించాను.

అరిగిన ప్లగ్గుల సంగతి మరవద్దు. మొనల మధ్య సందు పెరిగేకొద్దీ వోల్టేజీ పెరగాలి, ఆ ఒత్తిడంతా తొడుగు మీదే పడుతుంది. పాత ప్లగ్గులకు కొత్త వైర్లు పెడితే డబ్బు సగం వృథా. తెగిన వైరుతో అలాగే తిరిగితే కాయిల్ లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది, కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను వేడెక్కించి చంపుతుంది. ఆ రెండూ వైర్ల కంటే ఎంతో ఖరీదు.

బిగించడం మీరే చేసుకోవచ్చు. ఇంజను చల్లారాక, ఒక్కో వైరు తీసి ఒక్కోటి పెట్టండి, అన్నీ ఒకేసారి పీకితే ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరస, కలగాపులగమవుతుంది. 800కు అది 1-3-2, నాలుగు సిలిండర్ల బండ్లలో మామూలుగా 1-3-4-2. క్యాపును కాస్త మెలితిప్పి లాగాలి, వైరు పట్టుకుని లాగకూడదు. కొత్త క్యాపు లోపలి అంచుకు సిలికాన్ గ్రీజు వేలికొనతో పల్చగా పూయండి, తడి చేరదు, మళ్లీ తీసేటప్పుడు అంటుకోదు. ‘టక్’మని కూర్చునేదాకా నొక్కండి. నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్ బండిలో మూడు, నాలుగు వైర్లను కలిపి కట్టకండి. మూడు వెలిగిన వెంటనే నాలుగు వెలగాలి, రెండూ ఆనుకుని పోతే ఒకదాని కరెంటు ఇంకోదాంట్లో పుట్టి వేళకాని నిప్పు పడొచ్చు. ఒకటి, రెండు వైర్లకూ ఇదే మాట. ఇంజను నడుస్తుండగా వైరు పీకి నిప్పు చూసే పాత అలవాటు ఎంపీఎఫ్ఐ బండి దగ్గర ఎవరినీ చేయనివ్వకండి. చేతికి షాకు, కాయిల్‌కు చావు.

తీసేసిన పాత సెట్లో పగులు లేని, మీటరు మీద నిలిచిన వైర్లుంటే వాటిలో అన్నిటికంటే పొడుగుది డిక్కీలో ఒక కవర్లో చుట్టి పెట్టుకోండి. పొడుగుదైతే ఏ సిలిండరుకైనా అందుతుంది.